పేర్లు కొట్టించిన గిన్నెలు

మా వదిన రూపవతి ఏ సంగతీ ఆ సంగతి దగ్గర మొదలుపెట్టదు. అల్లం ఎక్కడ కొన్నావు వదినా అని అడిగితే, రేపల్లెలో మిషను కుట్టే కరుణమ్మగారి రెండో కోడలి దగ్గర మొదలవుతుంది. ఆ కోడలి తమ్ముడు చదువుకోవడానికి కెనడాలోని హామిల్టన్‌కు రావడం, వాడికి జలుబు చేయడం, అల్లం టీ కోసం ఊరంతా తిరిగి వాడొక వియత్నాం వాళ్ల కొట్టు కనిపెట్టడం, ఇవన్నీ అయ్యాక గానీ కొట్టు పేరు రాదు. ఈలోగా నా పొయ్యి మీద కూర మాడిపోతుంది. పెళ్లయి మా ఇంటికొచ్చిన నాటి నుంచీ ఇదే వరస. నేను ఆవిడ ఆడపడుచుని, మా అన్నయ్య ఎలియాజరుకు ఒక్కగానొక్క చెల్లెల్ని. విసుక్కునే హక్కు నాకుంది. దాన్ని ఏనాడూ ఊరికే పోనివ్వలేదు.

అన్నయ్య పద్ధతి దీనికి పూర్తిగా తలకిందులు. ఆయన హామిల్టన్‌లో ఒక ఉక్కు ఫ్యాక్టరీలో స్టోర్స్ చూస్తాడు. బోల్టుల పక్కన బోల్టులు, బేరింగుల పక్కన బేరింగులు, ప్రతి అరకూ ఒక నంబరు. ఇంట్లో సాక్సులు కూడా అలాగే సర్దుతాడు. ఈ మనిషికీ ఆ మనిషికీ దేవుడు ముడి ఎలా వేశాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఇద్దరి మధ్యా నలిగింది మాత్రం నేనే.

వదిన ఇక్కడికొచ్చాక ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే పనిలో చేరి, పని చేసినన్నాళ్లూ అందులోనే ఉంది. అది కడుపు కోసం చేసిన పని. మనసు పెట్టి చేసిన పని మాత్రం మా తెలుగు చర్చి వంటింట్లో. ఆదివారం ఆరాధన అయ్యాక ప్రేమవిందు ఉంటుంది. ఒకళ్లు పప్పు, ఒకళ్లు పులిహోర, ఒకళ్లు కోడి వేపుడు తెస్తారు. అన్నీ స్టీలు గిన్నెల్లోనే. స్టీలు గిన్నె కొంటే దాని మీద పేరు కొట్టించకుండా మనవాళ్లు ఇంటికి తెచ్చుకోరు కదా. ఆ పేర్లతో సహా సూట్‌కేసుల్లో సముద్రం దాటించి తెచ్చుకున్న గిన్నెలవి. విందయ్యాక ఎవరి గిన్నె వాళ్లకు చేర్చే బాధ్యత వదినది. మిగతావాళ్లం గిన్నె తిరగేసి, కళ్లజోడు పెట్టుకుని, అరిగిపోయిన అక్షరాలు కూడబలుక్కుంటాం. ఆవిడ చూడనైనా చూడదు. చేతిలోకి తీసుకుని, సొట్ట తడిమి, ఇది ఫలానా వాళ్లది అనేస్తుంది. అక్కడితో ఊరుకుంటే బాగానే ఉండేది. ఆ గిన్నె ఎవరి పెళ్లిలో ఎవరు పెట్టారో, ఆ పెళ్లిలో ఎవరు అలిగారో కూడా చెబుతుంది. వినేవాళ్ల ట్రైను తప్పిపోయినా ఆవిడకు పట్టదు. వదిన ఇంటి అలమరలో సగం గిన్నెలు పరాయివే. ఇచ్చేయవచ్చు కదా అంటే, వాళ్లొచ్చి అడిగినప్పుడు కూర్చోబెట్టి టీ ఇవ్వొచ్చు అంటుంది. ఇలాంటి మనిషికి ఏం చెబుతాం?

అలాంటి మనిషికి పోయిన ఫిబ్రవరిలో స్ట్రోక్ వచ్చి, నోట్లో మాట పోయింది.

మనం చెప్పేది దాదాపుగా అర్థమవుతుంది. కుడి చెయ్యి కాస్త బలహీనపడింది. వాకర్ పట్టుకుని నడుస్తుంది. కానీ పేర్లు రావు. నీళ్లు కావాలంటే “అది” అంటుంది. దుప్పటి కావాలన్నా “అదే” అంటుంది. మనం నీళ్లిస్తే కాదని తలూపుతుంది, దుప్పటి కప్పితే కాదని తలూపుతుంది, చివరికి కిటికీ తెర లాగితే ఊపిరి పీల్చుకుంటుంది. ముందు ఇది వినలేక ఏడ్చాను. కొన్నాళ్లకు ఏడుపు పోయి విసుగొచ్చింది. గంటలకొద్దీ మాట్లాడిన నోట్లో నుంచి ఒక్క “అది” బయటికొస్తుంటే, ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక అందరి మీదా తెచ్చుకున్నాను.

పైగా నాది ఒషావా. అక్కడి నుంచి హామిల్టన్ ఆసుపత్రికి రావాలంటే రైల్లో టొరొంటో వచ్చి, అక్కడ ప్లాట్‌ఫారాలు మారి, ఇంకో రైలెక్కి, దిగి బస్సు పట్టుకోవాలి. పోను రెండున్నర గంటలు, రాను రెండున్నర గంటలు. నాకు మోకాళ్ల నొప్పి, షుగరు, దారిలో టీ తాగినా చక్కెర లేకుండానే. వచ్చిన ప్రతిసారీ ఇదే ఆఖరు, ఇక నా వల్ల కాదు అని అన్నయ్యకు గట్టిగా చెప్పేదాన్ని. అలా వారానికి మూడుసార్లు చెప్పాను.

నడక, మాట మళ్లీ నేర్పే రిహాబ్ వార్డువాళ్లు మీటింగ్ పెడతామన్నారు. వదినను ఇంటికి పంపాలా, లాంగ్ టర్మ్ కేర్‌కు, అంటే ఎప్పటికీ అక్కడే ఉంచి చూసుకునే హోముకు పంపాలా అన్నది అక్కడ తేలుతుంది. అన్నయ్యకు పింఛను రావడానికి ఇంకా టైముంది. ఆయన షిఫ్టుకు వెళ్తే ఇంట్లో వదిన ఒక్కతే. ఏదైనా జరిగితే ఎవరినో పిలిచి ఫలానా జరిగిందని చెప్పగలగాలి. చెప్పలేకపోతే ఇంటికి పంపరు. కేర్ హోములో ఖాళీ ఎక్కడుంటే అక్కడికి వెళ్లాల్సిందే. అది ఏ ఊరో తెలియదు, అక్కడ తెలుగు ముక్క వినపడదు. ఆవిడ చేతికి అక్కడొక ప్లాస్టిక్ గ్లాసిస్తారు, దాని మీద ఎవరి పేరూ ఉండదు.

అన్నయ్య వెంటనే రంగంలోకి దిగాడు. బొమ్మల కార్డులు తయారుచేశాడు. కూరగాయలకు ఆకుపచ్చ అట్ట, పనిముట్లకు పసుపు, బట్టలకు నీలం. షిఫ్టు దిగి తిన్నగా వచ్చి, మంచం పక్కన కూర్చుని, ఒక రంగు మొత్తం అయ్యేదాకా వదలడు. “ఇది ఏ జాతి? కూరగాయ. కూరగాయల్లో ఏది?” అని అడుగుతుంటే ఆవిడ గోడ వైపు చూసేది. జాతేమిటి, ఖర్మ! వంకాయను కూరగాయ అని ఆవిడ జన్మలో ఎప్పుడైనా అనుకుందా?

మాటలు నేర్పే స్పీచ్ థెరపిస్టు పేరు విద్య. హామిల్టన్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల, తల్లిదండ్రులు విజయవాడవాళ్లు. తెలుగు బాగా అర్థమవుతుంది, మాట్లాడితే సగం ఇంగ్లీషు. ఆ అమ్మాయి కాగితం మధ్యలో బొమ్మ అంటించి, చుట్టూ గీతలు గీసి, దీన్ని దేనికి వాడతారు, ఎక్కడ ఉంటుంది, ఎలా ఉంటుంది అని ఒక్కో గీత చివరా రాసేది. చుట్టుపక్కల మాటలు కదిలితే మధ్యలో ఉన్న మాట కూడా కదులుతుందట. అన్నయ్య అరల కంటే ఇది నయమే. కానీ వదిన దగ్గర ఇదీ పనిచేయలేదు.

ఇంకా ఘోరమేమిటంటే, వస్తువులకు మనుషుల పేర్లు చెప్పడం మొదలుపెట్టింది. మంచు తీసే పార బొమ్మ చూపిస్తే “అమరేశ్వరరావు” అంది. ఆయన వాళ్ల ఎదురింటాయన. ప్రెషర్ కుక్కర్ చూపిస్తే “జ్ఞానసుందరి” అంది. జ్ఞానసుందరి చర్చిలో మా స్నేహితురాలు, ప్రభువు దగ్గరికి వెళ్లి చాలాకాలమైంది. అన్నయ్య తల పట్టుకున్నాడు. మనిషికీ వస్తువుకూ తేడా తెలియట్లేదు దీవెనా, అయిపోయింది అన్నాడు. వార్డువాళ్లు కూడా అదే రాసుకున్నారు. నేను వదినను కోప్పడ్డాను. మనుషుల సంగతి ఎవరడిగారు నిన్ను, ఎదురుగా పార కనిపిస్తుంటే పార అనడానికేం అని. ఆవిడ నా వంక చూసి మళ్లీ “అమరేశ్వరరావు” అంది, ఈసారి గట్టిగా. ఒళ్లు మండిపోయింది నాకు.

ఒకరోజు ఆసుపత్రి కూడు తినట్లేదని, వాళ్లింటికెళ్లి గోంగూర పప్పు వండుకొచ్చాను. చేతికందిన గిన్నెలో పోసి తెచ్చాను. నా చిరాకులో నేనుండి, బస్సు ఆలస్యమైంది, గిన్నె మూత సరిగ్గా పట్టలేదు, కోటు నిండా పప్పయింది అని సణుక్కుంటూ గిన్నెను వదిన ఒళ్లో పెట్టాను. ఆవిడ ఎడమ చెయ్యి గిన్నె అంచు వెంట పాకింది. ఒకచోట ఆగింది. అక్కడ సొట్ట ఉంది.

“జ్ఞానసుందరి,” అంది. నేను మళ్లీ మొదలుపెట్టావా అనబోయాను. ఆవిడ ఆగలేదు. “కూతురు. పెళ్లి. వాన.” కాసేపు వెతుక్కుంది. పప్పు వైపు చూసింది. “గోంగూర,” అంది. ఒక ముద్ద తిని మొహం చిట్లించి, “ఉప్పెక్కువ,” అంది.

ఉప్పెక్కువ! అన్ని వారాల తర్వాత వరసగా వచ్చిన మాటలు అవి, అందులో ఆఖరిది నా వంటకు వంక. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గిన్నె ఎత్తి అడుగున చూశాను. జ్ఞానసుందరి పేరే ఉంది. ఆవిడ కూతురి పెళ్లి రోజున కుండపోతగా వాన కురిసిన మాటా నిజమే, గోంగూర వండిందీ ఆ పెళ్లిలోనే.

అప్పుడు వెలిగింది నాకు. జ్ఞానసుందరి కుక్కర్ క్రిస్మస్ విందులో టప్పున పేలి, పప్పంతా చర్చి హాలు కప్పుకు అంటుకుంది. పాస్టరుగారు నిచ్చెనెక్కి తుడిచారు. అమరేశ్వరరావుగారు మంచు తీస్తూ తీస్తూ పార చేతిలో ఉండగానే గుండె పట్టుకుని పడిపోతే, కిటికీలోంచి చూసి అంబులెన్సుకు ఫోన్ చేసింది మా వదినే. ఆవిడ తప్పు చెప్పలేదు. ఒక్కటంటే ఒక్కటి తప్పు చెప్పలేదు. ఆవిడ తలకాయలో వస్తువులన్నిటి మీదా పేర్లు కొట్టించి ఉన్నాయి. మేం వస్తువును అడుగుతుంటే ఆవిడ దాని అడుగు తిప్పి పేరు చదువుతోంది.

విద్యకు చెప్తే, ఆ అమ్మాయి కుర్చీలోంచి లేచి నిలబడింది. “ఆంటీ, మన తలలో వర్డ్స్ ఒక లైన్‌లో ఉండవు. ఒక్కో ఐడియా ఇంకెన్నింటికో కనెక్ట్ అయ్యుంటుంది. స్ట్రోక్ వల్ల కొన్ని రోడ్స్ క్లోజ్ అయ్యాయి, అంతే. ఊరు అలాగే ఉంది. మనం క్లోజ్ అయిన రోడ్లోనే హారన్ కొడుతున్నాం.”

తర్వాత విద్య తన కాగితం మార్చింది. ఎలా ఉంటుంది, దేనికి వాడతారు అన్నవాటికి ముందు, ఇది ఎవరిది అని మొదటి గీత గీసింది. నేను అలమర ఖాళీ చేయడం మొదలుపెట్టాను. వచ్చిన ప్రతిసారీ రెండు మూడు గిన్నెలు సంచిలో వేసుకుని బస్సెక్కేదాన్ని. అవి కుదుపుకల్లా ఖణఖణలాడేవి, జనం తిరిగి చూసేవాళ్లు. గిన్నెలమ్ముకునేదాన్నయ్యాను ఈ వయసులో. వార్డులో నర్సేమో ఇది గదా వంటిల్లా అంది. అన్నయ్య ఆ గిన్నెలను సైజుల వారీగా సర్దబోతే చేతి మీద ఒక్కటిచ్చాను.

కానీ మాటలు వచ్చాయి. ఒక గిన్నె ఒక మనిషిని తెచ్చేది, ఆ మనిషి ఒక ఇంటిని, ఆ ఇల్లు ఒక వంటను, ఆ వంట చెంచానూ పొయ్యినీ మంటనూ తెచ్చేది. ఒక గిన్నె దగ్గర దొరికిన మంట మర్నాడు ఇంకో గిన్నె దగ్గర అగ్గిపెట్టెను తెచ్చింది. ఒకటి దొరికితే పక్కనున్నవి తేలికయ్యేవి. అయితే నేరుగా మాత్రం రాదు. మంట అనే ఒక్క ముక్క కోసం ఎవరో మేనత్త మీదుగా వెళ్లాలి. అప్పుడెప్పుడో విసిగించినట్టే విసిగించేది, నేనూ అప్పటిలాగే కాలు ఊపుతూ కూర్చునేదాన్ని. కానీ మధ్యలో ఆపలేదు.

కొత్త మాటలు నేర్పడానికీ ఇదే దారి. విద్య పేరు ఎంతకూ నిలబడేది కాదు. ఒకరోజు వదిన ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని, “ఎవరు? నాన్న?” అని అడిగింది. వాళ్ల నాన్న ఎవరు, అమ్మ ఎవరు, విజయవాడలో ఏ వీధి, అన్నీ రాబట్టింది. ఆ వీధిలో వదినకు తెలిసిన టీచరమ్మ ఒకావిడ ఉందని తేలింది. అంతే, మర్నాటి నుంచి విద్య పేరు మర్చిపోలేదు. కొత్త మాట ఒంటరిగా నిలబడదట ఆంటీ, ఇంతకుముందే ఉన్నదానికి తగిలించాలట, అదే మా చదువంతా అంది విద్య. ఇందుకేనా ఇన్నేళ్లు చదివావు, మా వదినను అడిగితే ఒక పూటలో చెప్పేది కదా అన్నాను. నవ్వింది ఆ పిల్ల.

ఒక్కటి మాత్రం తగలలేదు. ఆపద వస్తే నొక్కాల్సిన తొమ్మిది, ఒకటి, ఒకటి. అది ఎవరి పేరూ లేని అంకె. అమరేశ్వరరావుగారి వైపు నుంచి ఎన్నిసార్లు వెళ్లామో. పార, మంచు, పడిపోవడం, ఎర్ర దీపాల బండి అన్నీ చెప్పేది. అంకె దగ్గరికి వచ్చేసరికి “అది” అని ఆగిపోయేది. అన్నయ్య ఆ అంకెను పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించాడు. అదీ లాభం లేదు. మీటింగ్ దగ్గర పడుతున్నకొద్దీ నాకు రాత్రుళ్లు నిద్ర లేదు, పగలు శాంతి లేదు.

మీటింగ్ రోజున ఒక బల్ల చుట్టూ డాక్టరు, నడక నేర్పే అబ్బాయి, విద్య, కేర్ కోఆర్డినేటర్ కూర్చున్నారు. కోఆర్డినేటర్ మంచి మనిషే, గొంతు మెత్తన. ఇంటి గురించి, మందుల గురించి అడిగింది. వదిన మనుషుల మీదుగా దారి వెతుక్కుంటూ, కొన్నిటికి జవాబు చెప్పింది. విద్య ఇంగ్లీషులో చెప్పేది. తర్వాత అసలు ప్రశ్న వచ్చింది. ఇంట్లో ఒక్కరే ఉన్నారు, కింద పడిపోయారు, లేవలేకపోతున్నారు. ఎవరికి ఫోన్ చేస్తారు?

అన్నయ్య బల్ల అవతల నుంచి, పరీక్షలో కాపీ అందించేవాడిలా, పెదాలతో నైన్ వన్ వన్ అంటున్నాడు. వదిన ఆయన వైపు చూడలేదు. బల్ల మీద చెయ్యి పెట్టి, గిన్నె అంచు తడిమినట్టే అంచు తడిమింది. బల్లకు సొట్టలేవీ లేవు.

“రైలు,” అంది.

కోఆర్డినేటర్ పెన్ను ఆగింది. అయిపోయింది అనుకున్నాను. అన్నయ్య కళ్లు మూసుకున్నాడు.

“రైలు. ఇంకో రైలు. ఒషావా.” తన మోకాలి మీద చెయ్యి వేసుకుంది. “నొప్పి. చక్కెర లేని టీ.” అప్పుడు నా వైపు తిరిగింది. ఆసుపత్రిలో చేరినప్పటి నుంచి ఆవిడ నోట నా పేరు రాలేదు. ఎదురింటాయన పేరు వచ్చింది, పోయినవాళ్ల పేర్లు వచ్చాయి, నా పేరు మాత్రం రాలేదు. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు, అనడానికి సిగ్గేసింది.

“దీవెన,” అంది. ఇంకా ఏదో వెతికింది. “తిట్టుద్ది. వచ్చుద్ది.”

విద్య ఆ రెండు ముక్కలూ ఇంగ్లీషులో చెప్పింది. కోఆర్డినేటర్ నన్ను చూసి, ఇది నిజమేనా అని అడిగింది. రెండూ నిజమే అన్నాను. అనేసరికి ఏడుపొచ్చేసింది, అంతమంది ముందు, ముక్కు తుడుచుకోవడానికి ఏమీ దొరకలేదు. అన్నయ్య రుమాలిచ్చాడు, నాలుగు మడతలు పెట్టి ఉంది.

కోఆర్డినేటర్ చెప్పిన మాట న్యాయమైనదే. ఒషావా నుంచి రావడానికి అంతసేపు పడితే, పడిపోయిన మనిషి అంతసేపూ నేల మీదే ఉండాలి. దగ్గర్లో ఉండే మనిషి కావాలి అంది. ఆవిడ న్యాయంగా మాట్లాడినందుకు ఇంకా మండింది నాకు. ఆ దూరం నాకు తెలియదా? నా మోకాళ్లకు తెలియదా? ఇంతకాలం నేను ఎవరినీ అడగకుండా, నాకు నచ్చినట్టు బతికిన గది ఒషావాలో ఉంది. కిటికీలో కరివేపాకు మొక్క, కింద అంతస్తులో నా చర్చి స్నేహితులు ఉన్నారు. ఇవేవీ ఆ నిమిషంలో గుర్తు తెచ్చుకోలేదు. గది ఖాళీ చేసి వచ్చేస్తాను, వాళ్లింట్లోనే ఉంటాను, రాసుకోండి అన్నాను. అన్నయ్య నోరు తెరిచాడు. నన్ను ఒక్క మాట అడగవా అన్నట్టు చూశాడు. నువ్వు మాట్లాడకు అన్నాను.

వాళ్లలో వాళ్లు కాసేపు మాట్లాడుకున్నారు. ఇంటికి పంపడానికి ఒప్పుకున్నారు. విద్య వారానికోసారి ఇంటికొచ్చి చూస్తానంది.

బయటికొచ్చాక కూడా అన్నయ్య నసుగుతూనే ఉన్నాడు, నైన్ వన్ వన్ అని ఉంటే ఒక్క ముక్కలో తేలిపోయేది కదా అని. వదిన వాకర్ పట్టుకుని నా పక్కన నెమ్మదిగా నడుస్తోంది. వరండా చివర గోడ గడియారం కనిపించగానే ఆగిపోయింది. నా కోటు చెయ్యి పట్టుకుని లాగింది. మొహంలో కంగారు.

“రైలు,” అంది. “పోద్ది.”

“పోనీ వదినా,” అన్నాను. “నేను ఎక్కను.”